పెనుకొండ జైల్లో రెండు పూటలా సంగటి

పెనుకొండకు పోయొచ్చినానంటే బెంగళూర్లో అందరూ ఒకటే అడుగుతాండారు, "కోట చూసినావా?" అని. చూసినా. కోట గోడ కిందనే సబ్‌జైలు. దాని గేటు ముందర నిలబడి, ఎండకు కండ్లు చికిలించుకుంటా చూసినా. నేను పోయింది కోట కోసం కాదు, లోపల ఉండే మా అన్న కోసం.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. దినానికి ఎనిమిది గంటలు చెవికి ఫోను, చేతిలో తీగ. ఇంటికొచ్చినాక కూడా చెయ్యి ఊరికే ఉండదు. మాది మిల్లు కార్మికుల పేట. అన్న మాత్రం ధర్మవరం అమ్మాయిని చేసుకొని, మామగారి దగ్గర పట్టుచీరల నేత నేర్చుకొని ఆడనే ఉండిపోయినాడు. మా ఇంట్లో అందరికీ కోపం ముక్కు మీదే. అన్న బోరింగు కాడ నీళ్ళ గొడవలో ఒకాయన్ని తోసినాడు. ఆయన పడి చెయ్యి విరిగింది. నెల రోజులు శిక్ష.

వదినకు రాయడం రాదు. ఎవరితోనో రాయించిన కార్డు వచ్చింది: "మీ అన్న పెనుకొండ జైల్లో ఉండాడు. కాలికి పుండు. ఒళ్ళు బాగలేదు. వీలుంటే రావల్ల." అంతే. ఒళ్ళు బాగలేదంటే ఏం జబ్బో రాయలేదు. ఫోను చేసి కనుక్కుందామంటే ఆ వీధిలో ఫోనెక్కడిది? వారం సెలవు పెట్టి రైలెక్కేసినా.

హిందూపురం

నేను దిగాల్సింది హిందూపురంలో కాదు. కాఫీ వల్ల దిగినా. ప్లాట్‌ఫారం మీద కాఫీ కొంటే చల్లగా ఉంది. "ఇది కాఫీనా, గిన్నెలు కడిగిన నీళ్ళా?" అన్నా. "వేడిగానే ఉండాది గదమ్మా" అన్నాడాయన. నేను వదల్లేదు. ఇద్దరం గ్లాసు పట్టుకొని వాదించుకుంటాంటే నా వెనక రైలు కదిలిపోయింది. సంచి భుజానికే ఉంది కాబట్టి బతికిపోయినా.

బెంచీ మీద కూర్చున్న ఒకామె పడీ పడీ నవ్వింది. నడివయసు మనిషి, పక్కన పెద్ద మూట.

"ఏమ్మే, కాఫీ గెలిచిందా, రైలు గెలిచిందా?"

నాకు ఒళ్ళు మండింది. "నీకెందుకు?"

"నాకెందుకులే. నేనూ రేపు పొద్దున రైలుకే. యాడికి పోవల్ల నువ్వు?"

"పెనుకొండకు. మా అన్న దగ్గరికి."

ఆమె నా సంచిలోకి తొంగి చూసింది. కొత్త తువ్వాలు, పళ్ళపొడి, రెండు సబ్బులు. "జైలుకా?" అనింది, బస్టాండుకా అన్నంత మామూలుగా.

నేను ఉలిక్కిపడినా.

"ఆస్పత్రికి పొయ్యేటోళ్ళు పండ్లు కొంటారు. సబ్బులు కొనేది జైలుకు పొయ్యేటోళ్ళే" అనింది. "మా ఆయప్ప కూడా ఆడే ఉండాడు. సారాయి కాసినాడని మూడోసారి పట్టుకున్నారు. ఇంట్లో ఉంటే తాగుతాడు, ఆడుంటే తింటాడు. లావైనాడు చూడు, పోయినసారి గుర్తే పట్టల్యా నేను."

ఆమె పేరు అంజినమ్మ. చిలమత్తూరు పక్క పల్లె. చెనిక్కాయల కాలంలో కూలికి పోతుంది, మిగతా కాలంలో గొర్రెలు. ఆ పూట నన్ను స్టేషను బయట హోటలుకు తీసుకపోయింది. నాలుగు ఇడ్లీ పదహైదు నయాపైసలు. మా కంటోన్మెంటులో ఆ డబ్బుకు రెండే ఇస్తారు, చట్నీ అడిగితే మొహం చూస్తారు. ఇక్కడ చట్నీ అడక్కుండానే మూడుసార్లు పోసినారు. హోటలాయన కన్నడంలో మొదలుపెట్టి తెలుగులో ముగిస్తాడు. "చిల్లర దుడ్లు ఇయ్యక్కా" అంటే అంజినమ్మ "నువ్వు ముందు చట్నీలో చెనిక్కాయలు ఎయ్యప్పా, ఆమీద చిల్లర" అనింది. ఇద్దరూ రోజూ ఇట్లాగే మాట్లాడుకుంటారేమో అనిపించింది.

ఆడవాళ్ళ వెయిటింగు రూములో మూట తలకింద పెట్టుకుంటా ఒక మాట చెప్పింది. "జైల్లో వంట చేసే ఆయప్ప మంచోడు. ఏం కావల్లన్నా మెల్లగా నోటితో చెప్పుకో. అర్జీ కాగితం మాత్రం రాయొద్దు. కాగితమొస్తే వాళ్ళ చేతులు కట్టేసినట్లే."

చదువు లేని మనిషి, కాగితమంటే భయమేమో అనుకున్నా. నాకు ఇంగ్లీషులో అర్జీ రాయడం నిమిషం పని.

పెనుకొండ

స్టేషను నుంచి ఊళ్ళోకి అంజినమ్మా నేనూ జట్కా ఎక్కినాం. బండి సాయిబు గుర్రం మెడలో గంటలకంటే ఎక్కువ మాట్లాడినాడు. "జైలు కాడికా? అయితే కొండ పక్కనుంచి పోతా, గాలన్నా తగులుతుంది, వచ్చేటప్పుడు ఏడ్చుకుంటా వస్తారు కదా" అన్నాడు. నేను ఏడవనని చెప్పినా. "ఏడవకుంటే అరుస్తారు" అన్నాడు. ఆయన ఎంతమందిని చూసినాడో.

ముందు అంజినమ్మ వంతు. గేటు కడ్డీల ఇవతల ఆమె, అవతల ఆమె మొగుడు. నిజంగానే లావుగా ఉన్నాడు. చూసే టైమంతా ఆమె తిడతానే ఉంది, ఆయన నవ్వుతానే ఉన్నాడు. మూటలోంచి చెనిక్కాయల పొడి తీసి వార్డరుకు చూపించి ఇచ్చింది. కండ్లు మాత్రం కొంగుతో తుడుచుకుంది.

తర్వాత అన్న వచ్చినాడు. కుంటుతా వచ్చినాడు. కుడికాలి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ పసుపు రంగైంది. మెడ సన్నబడింది.

"పాపా, నీకెవరు చెప్పినారు?"

"వదిన రాయించింది. కాలేమైంది?"

"ఏం ల్యా. మగ్గం గుంతలో మేకు గీరుకుంది. మానిపోతుంది."

"గీరుకుంటే ఇంత గుడ్డా?"

అంతలో లోపల గంట కొట్టినారు. అన్నం టైము. వరసగా కూర్చున్న వాళ్ళ పళ్ళేల్లో తెల్లగా అన్నం, పప్పు. అన్న పళ్ళెం ఒకరు తెచ్చి పక్కన పెట్టినారు. అందులో నల్లగా రాగిసంగటి ముద్ద.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాల. మిల్లులో దూది పీల్చి పీల్చి చచ్చిపోయిన మనిషి. బతికినన్నాళ్ళూ ఆమెది ఒకటే పట్టుదల, నా పిల్లోళ్ళు మూడు పూటలా అన్నమే తినల్ల అని. రేషన్లో బియ్యం దొరక్కపోతే తాను ముద్ద తిని మాకు అన్నం పెట్టింది. అందుకే ఆ ముద్ద చూడంగానే నా తల తిరిగిపోయింది. అందరికీ అన్నం, మా అన్నకు ముద్దా?

"ఇదేం న్యాయం?" అని వార్డరు మీదికి పోయినా.

"ఆయనే అడిగినాడమ్మా" అన్నాడు ఆయన.

"మనిషనేవాడు ఎవరన్నా అన్నం వద్దంటారా?"

అన్న కడ్డీలు పట్టుకొని, "పాపా, వదిలెయ్. నాకు సంగటే ఒంటికి పడుతుంది" అన్నాడు. వెనక కూర్చున్న వాళ్ళ వైపు ఒకసారి చూసి ఇంక మాట్లాడలేదు. భయపడినాడు, బెదిరించినారు అనుకున్నా. అంజినమ్మ నా మోచెయ్యి పట్టుకొని లాగింది. విదిలించుకున్నా.

ఆఫీసులో ముసలి గుమాస్తా కండ్లజోడు పైకి తోసుకుంటా, "అమ్మా, అది వాళ్ళూ వాళ్ళూ అనుకున్న మాట. కాగితం దాకా ఎందుకు?" అన్నాడు. నేను వినలేదు. ఆయన బల్ల మీదే, ఆయన కలంతోనే, ఇంగ్లీషులో అర ఠావు నింపినా. రూలు ప్రకారం నా అన్నకు రెండు పూటలా అన్నమే పెట్టాల, వేరే ఏదీ పెట్టకూడదు.

గుమాస్తా రెండుసార్లు చదివినాడు. "రూల్లో ఉండేదే అడిగినావు. కాదనేదానికి ల్యా" అని ముద్ర కొట్టినాడు. ఆ ముద్ర చప్పుడుకు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. జట్కాలో కూర్చొని సాయిబుతో "చూసినావా, ఏడవలేదు" అన్నా.

"అరిచినావు కదా" అన్నాడు.

ధర్మవరం

ధర్మవరంలో నేతగాళ్ళ వీధిలోకి పోతే మొదట చెవులకు తెలుస్తుంది. ఇంటింట్లో మగ్గం టకటకమంటాంటుంది. మా మిల్లు హోరు మాదిరి కాదు. ఒక్కో ఇంటిది ఒక్కో తాళం, ఎవరు అలిసిపోయినారో, ఎవరు కొత్తగా కూర్చున్నారో తెలిసిపోతుంది. ఇంటిలో సగం జాగా మగ్గానిదే, మిగతా సగంలో మనుషులు సర్దుకుంటారు. పట్టు చెడుతుందని లోపల పొయ్యి పొగ రానియ్యరు. వచ్చినోళ్ళ చేతులు చూసి కూర్చోబెడతారు, గరుకు చేతులతో పోగు ముట్టుకుంటే పీకుతుందని. నా చేతులు చూసి పక్కింటామె "ఫోను పట్టుకునే చేతులు, మెత్తగా ఉండాయి" అని మెచ్చుకుంది. మా సూపర్వైజరు ఎప్పుడూ మెచ్చుకోలేదు.

వదిన మగ్గం కింద గుంతలో కాళ్ళు పెట్టి కూర్చొని నేస్తాంది. అన్న సగంలో వదిలిపోయిన చీర. పట్టూ మగ్గమూ ఇచ్చే షావుకారు అడుగుతాండాడంట, ఆలస్యమైతే మగ్గం ఇంకొకరికి ఇస్తాడని భయం.

నేను చెప్పులు విడవకముందే మొదలుపెట్టినా. సంగటి ఎట్లా చూసినానో, ఎట్లా అడిగినానో, ఎట్లా ముద్ర కొట్టించినానో, అంతా చెప్పినా. పోగును అటూ ఇటూ తిప్పే నాడె వదిన చేతిలో ఆగిపోయింది.

"అన్నం పెట్టించినావా?"

"అవును. రెండు పూటలా."

ఆమె గుంతలోంచి లేచి, తలుపు వేసి, నన్ను వంటింట్లోకి లాక్కొనిపోయింది. గోడ అవతల ఇంకొకరి మగ్గం. అందుకని నోరు నా చెవి దగ్గర పెట్టి చెప్పింది.

"మీ అన్నకు సక్కర జబ్బు. ఎనిమిది నెలలాయ."

పట్టుపోగు చుట్టిపెట్టే కండెల డబ్బా అడుగునుంచి ఒక చీటీ, ఒక సీసా తీసింది. సీసాలో కొత్తగా వచ్చిన మాత్రలు. "పన్నెండు దినాలుగా ఈడే ఉండాయి. లోపలికి పంపల్లంటే డాక్టరు కాగితం కావల్లంట. కాగితమంటే జబ్బు పేరు రాయల్ల. అందుకని మీ అన్న ఒక్కటే చేసినాడు. అన్నం మానేస్తానన్నాడు. వంటాయన్ను బతిమాలుకున్నాడు."

"కార్డులో ఎందుకు రాయించలేదు?"

"రాసింది పక్కింటి పిల్లోని తండ్రి. ఆయప్పకు తెలిస్తే వీధంతా తెలుస్తుంది, ఆమీద షావుకారుకు తెలుస్తుంది. సక్కర జబ్బులో కాలు పోతుందని అందరికీ ఎరికే. కాలు పొయ్యేవానికి మగ్గం ఎవురిస్తారు?"

"దాచిపెడితే నిజంగానే కాలు పోతుంది!" అని అరిచేసినా.

వదిన నా నోటి మీద చెయ్యి పెట్టింది. చెయ్యి పట్టులాగానే మెత్తగా ఉంది, మాట మాత్రం కాదు. "మీ అన్న కోపం మీద మీ అన్న జైలుకు పాయ. నీ కోపం మీద నువ్వు అన్నం పెట్టిస్తివి. మీ ఇంట్లో కోపాలకు నేను తప్ప ఎవురూ లెక్క కట్టరా?"

నేను గబగబా పోస్టాఫీసుకు పోయినా. జైలు దగ్గర తాలూకా ఆఫీసుకు ట్రంకు కాలు బుక్ చేస్తే ఎవరన్నా మాట చేరవేస్తారని. నాకు తెలిసిన పని అదొక్కటే. రెండు గంటలు కూర్చున్నా. అవతల ఆపరేటరు "లైను దొరకలేదు" అనింది. నేను రోజుకు వందసార్లు చెప్పే మాట. ఎంత చేదుగా ఉంటుందో ఆరోజే తెలిసింది.

మర్నాడంతా డాక్టరు కోసమే. ఆయన పల్లెకు పోయినాడంట, పొద్దుగూకే వేళకు వచ్చినాడు. మధ్యాన్నం వదిన పెట్టింది తిన్నా. రాగిసంగటి, వంకాయ పులుసు, చెనిక్కాయల పొడి. ముద్దను నమలకూడదంట, పులుసులో ముంచి మింగాలంట. నేను నమిలినా, పండ్లకు అతుక్కుంది. వదిన మొదటిసారి నవ్వింది. రెండో ముద్ద నేనే అడిగినా. ఇంత రుచిగా ఉండేదాన్ని వద్దని అర్జీ రాసినానే అనుకున్నా.

డాక్టరు కోప్పడలేదు, అదే కష్టమైంది. పెద్దక్షరాలతో జబ్బు పేరు, మాత్రలు, తిండి రాసి సంతకం పెట్టినాడు. "రేపు శుక్రవారం. జైలుకు డాక్టరు వచ్చే దినం. ఆయన ముందర పెట్టండి. పుండు ఉండే కాలికి ఒక్క దినం కూడా ఊరికే పోగూడదు."

కాగితం నేను తీసుకోబోతే వదిన ముందుగా అందుకొని కొంగున ముడేసుకుంది. "ఇది నేను తీసుకపోతా" అనింది.

మళ్ళీ పెనుకొండ

రైల్లో వదిన కిటికీ దగ్గర కూర్చొని కొంగు ముడి తడుముకుంటా వచ్చింది. నేను మనసులో పది రకాలుగా మాట్లాడి చూసుకున్నా. ఏ రకంలోనూ నేను మంచిదానిగా కనపడలేదు.

గుమాస్తా నన్ను చూసి కలం మూత తీసినాడు. "ఇంకో అర్జీనా?"

"ముందుదాన్ని వెనక్కి తీసుకోవాల."

"వెనక్కి తీసుకునేదానికీ కారణం రాయల్ల గదమ్మా. ఊరికే ఎట్లా కుదురుతుంది? నీ కాగితం వచ్చినాక వంటాయన్ను కూడా అడగల్సొచ్చె."

వంటాయన వాకిట్లోనే ఉన్నాడు. బక్కపలచని మనిషి, చెవికి బీడీ. సంగటి జైలు లెక్కలోది కాదంట. తన కోసం ఇంటినుంచి తెచ్చుకునే పిండితో చేసుకునే ముద్దలో సగం అన్నకు పెట్టి, అన్న అన్నం తాను తినేవాడంట. నా అర్జీకి ఆయన సంజాయిషీ రాసిచ్చినాడు.

"తప్పైపోయింది" అన్నా.

"ఇరవై ఏండ్లుగా వండుతాండా. నా సంగటి బాగుందని ఒక్కడన్నా అడిగినాడని సంబరపడితి. దాని మీదా నీళ్ళు పోస్తివే తల్లీ" అన్నాడు. తర్వాత మెల్లగా, "మొన్నటినుంచి ఆయప్ప అన్నం ముట్టల్యా. మజ్జిగ తాగి పండుకుంటాండాడు. ఇంత సంగటి పెడదామంటే కాగితమాయె" అన్నాడు.

గుమాస్తా ఇంకా కలం పట్టుకొనే ఉన్నాడు. "కారణం ఏం రాయల్ల?"

నేను వదిన మొహం చూసినా. జబ్బు ఆమె ఇంటిది, మగ్గం ఆమె ఇంటిది. చెప్పేది ఆమె అని తోచింది. బల్ల ఎదురుగా ఇంకో ఇద్దరు, వాళ్ళవాళ్ళను చూసేదానికి వచ్చినోళ్ళు, నిలబడి వింటాండారు. అందులో ఒకాయన భుజం మీద పట్టు కండెల సంచి, ఆయనా నేతగాడే. ఆయనది ఏ వీధో మాకు తెలియదు.

వదిన కొంగు ముడి విప్పింది. "సక్కర జబ్బు" అనింది గట్టిగా. "మా ఆయప్పకు సక్కర జబ్బు. రాసుకోప్పా. ఎవురన్నా అడిగితే చూపించు."

కండెల సంచి ఆయన చూపు తిప్పుకున్నాడు. వదిన తిప్పుకోలేదు.

డాక్టరు పదకొండింటికి వచ్చినాడు. మా కాగితం చదివి, అన్నను వసారాలోకి పిలిపించి, బల్ల మీద కూర్చోబెట్టి గుడ్డ విప్పించినాడు. మేము గేటు బయట, పది అడుగుల దూరం. పుండు రూపాయి బిళ్ళంత ఉంది. డాక్టరు సంచిలోంచి దూది తీసి సన్నగా పురి పెట్టినాడు.

"కండ్లు మూసుకో. ఏ వేలు ముట్టుకుంటానో చెప్పు."

అన్న కండ్లు మూసుకున్నాడు.

"చిటికెనేలు."

"ఊ."

"దాని పక్కది... నడిమిది... మళ్ళా చిటికెనేలే సార్, ఏమారుస్తాండారా?" 

పక్కనున్న వార్డరు నవ్వినాడు. నేత నేసేవాడికి కండ్లతో పనిలేదు, గుంతలో తొక్కే పలకల్లో ఏది ఎక్కడుందో కాళ్ళే చెప్తాయి. నాకు కూడా నవ్వొచ్చింది.

డాక్టరు దూదిని బొటనవేలి మీద పెట్టినాడు. అన్న ఏమీ చెప్పలేదు. డాక్టరు ఇటుపక్క ముట్టుకున్నాడు, అటుపక్క ముట్టుకున్నాడు. దూది వదిలేసి తన వేలితోనే నొక్కినాడు.

అన్న కండ్లు మూసుకొని ఓపిగ్గా కూర్చున్నాడు. కాసేపటికి అడిగినాడు.

"ఇంకా ముట్టుకోల్యా సార్?"

వదిన గేటు కడ్డీ పట్టుకుంది. నేను ఆమె చెయ్యి మీద చెయ్యి వేసినా. ఆమె తీసెయ్యలేదు.

డాక్టరు మా దగ్గరికి వచ్చి నిలబడి చెప్పినాడు. "నాలుగు వేళ్ళు బాగుండాయి. పాదం బాగుంది. ఆ ఒక్క వేలు సంగతి రెండు వారాలు చూసి చెప్తా. మాత్రలు ఇప్పటినుంచే మొదలు. సంగటి రెండు పూటలా, నా చేత్తోనే రాస్తాండా. దినామూ పుండు కడగల్ల." వదిన ఒక్కొక్క మాటా ఆయనతో రెండుసార్లు చెప్పించుకుంది. మూడోసారి తానే అప్పజెప్పింది. ఎక్కడా తప్పు పోలేదు.

వార్డరు సీసా తీసుకొని లోపలికి ఇచ్చినాడు. అన్న మాత్ర వేసుకున్నాడు, అందరూ చూస్తాండంగానే. వంటాయన సంగటి పళ్ళెం తెచ్చినాడు. రెండు దినాలుగా కడుపు మాడ్చుకున్న మనిషి మాదిరే తింటాండాడు. నా టైము ఎప్పుడో అయిపోయింది. వార్డరు గడియారం చూసినాడు.

"తినేదాకా ఉంటా సార్" అని ఆయనతో అన్నా. మెల్లగానే అన్నా.

ఆయన పక్కకు జరిగినాడు.

ఇది రాస్తాంటే మా సూపర్వైజరు వచ్చి, "మళ్ళీ సెలవా? మొన్ననే కదా పోయొచ్చినావు" అన్నాడు. ఇయ్యకున్నా పోతానని చెప్పినా. వచ్చే శుక్రవారం డాక్టరు ఆ వేలిని మళ్ళీ ముట్టుకుంటాడు. ఆయన ముట్టుకునేటప్పుడు గేటు బయట వదిన ఒక్కతే నిలబడకూడదు.